పరిశోధనాపరాధం – యథార్హదండన విచారం

ఏ వాక్యాన్ని విశ్వసించవచ్చు అనే ప్రశ్నకు న్యాయదర్శనం ఇచ్చిన సమాధానం సుప్రసిద్ధం. ఆప్తుని ఉపదేశం శబ్దప్రమాణమని గౌతముడు సూత్రించగా, ఆప్తుడెవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో విశదీకరించినాడు. విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకొని, చూచినదానిని చూచినట్లుగానే ఇతరులకు తెలుపగోరేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని కూడ భాష్యకారుడు స్పష్టం చేసినాడు. అనగా ఆప్తత్వం జాతిని బట్టి గాని, పదవిని బట్టి గాని సిద్ధించదు. యథార్థకథనమే దానికి మూలం.

ఆధునిక విజ్ఞానశాస్త్రం ప్రత్యక్షానుమానాలపై మాత్రమే ఆధారపడినదని సామాన్యంగా భావిస్తారు. కాని ఒక శాస్త్రజ్ఞుడు తన జీవితకాలంలో స్వయంగా చూచేది అత్యల్పం. తక్కిన దానినంతటిని అతడు ఇతరులు ప్రకటించిన వ్యాసాలనుండి గ్రహిస్తాడు. హిమాలయాలలో ఒకచోట ఒక శిలాజం లభించినదని ఒక పండితుడు వ్రాస్తే, వేరొక దేశపు పండితుడు ఆ కొండ ఎక్కకుండానే ఆ మాటను ప్రమాణంగా స్వీకరించి, దానిపై తన సిద్ధాంతాన్ని నిర్మిస్తాడు. అందువల్ల ప్రయోగశాస్త్రాలు కూడ అధికభాగం ఆప్తవాక్యంపైననే నిలిచి ఉన్నవి. పరిశోధకుడు అసత్యం ప్రకటించినప్పుడు ఒక వ్యాసం చెడడంతో పాటు, ఆ వ్యాసాన్ని నమ్మిన పరంపర అంతా చెడుతుంది. ఇట్టి అపరాధానికి తగిన దండన ఏది? దానిని ఎవరు, ఏ క్రమంలో, ఎంత మాత్రం విధించాలి? ఈ ప్రశ్న నేడు అన్ని దేశాల విద్యాసంస్థలను వేధిస్తున్నది. దండనీతిని సూక్ష్మంగా చర్చించిన మన ప్రాచీన శాస్త్రగ్రంథాలలో దీనికి ఉపకరించే విచారం కొంత కలదు.

అపరాధ స్వరూపం

దండనకు ముందు అపరాధాన్ని నిర్వచించవలసి ఉంటుంది. అమెరికా ప్రభుత్వం 2000లో ప్రకటించిన విధానం పరిశోధనాపరాధాన్ని మూడు విధాలుగా విభజించింది. లేని దత్తాంశాన్ని సృష్టించడం కల్పన. ఉన్న దత్తాంశాన్ని మార్చడం, తనకు అనుకూలం కానిదానిని తొలగించడం వక్రీకరణ. ఇతరుల భావాలను, పద్ధతులను, ఫలితాలను, పదాలను వారి పేరు చెప్పకుండ తనవిగా ప్రకటించుకోవడం గ్రంథచౌర్యం. ఉద్దేశపూర్వకంగా గాని, తెలిసి గాని, ఫలితాన్ని లెక్కచేయని నిర్లక్ష్యంతో గాని చేసినప్పుడే ఇవి అపరాధాలవుతాయి. నిజాయితీతో చేసిన పొరపాటు, అభిప్రాయభేదం ఈ నిర్వచనంలోకి రావు.

ఈ భేదం మన శాస్త్రకారులకు కొత్తది కాదు. పురుషవాక్యానికి భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం అనే నాలుగు దోషాలు సంభవిస్తాయని వారు పరిగణించినారు. ఒకదానిని మరొకటిగా గ్రహించడం భ్రమ. ఏమరుపాటు ప్రమాదం. ఇంద్రియాల, సాధనాల అసమర్థత కరణాపాటవం. మోసగించవలెననే కోరిక విప్రలిప్స. పరికరం సరిగా పనిచేయనందువల్ల తప్పుడు కొలత వచ్చిన పరిశోధకుడు, కావలెనని కొలతను మార్చిన పరిశోధకుడు ఒకే అసత్యాన్ని ప్రకటించవచ్చు. మొదటివాని దోషం కరణాపాటవం, రెండవవానిది విప్రలిప్స. ఫలితం సమానమైనా దోషం సమానం కాదు. మొదటిదానికి సవరణ చాలును. దండన అవసరమయ్యేది రెండవదానికే. ఈ వివేచన లేక భ్రమను కూడ దండించే సంస్థలో ఎవరును తమ పొరపాటును బయటపెట్టరు. పొరపాట్లు దాగిన చోట సత్యం నిలువదు.

దండనీతి సూత్రాలు

కౌటిల్యుడు అర్థశాస్త్రం ప్రథమాధికరణంలో దండన విషయమై పూర్వాచార్యుల మతాన్ని ఖండించినాడు. లోకాన్ని వశపరచుకొనడానికి నిత్యమూ దండం ఎత్తి ఉంచవలెనని పూర్వాచార్యులు చెప్పగా, అది సరికాదని ఆయన నిర్ణయం. తీక్ష్ణమైన దండనవల్ల ప్రజలు ఉద్వేగం చెందుతారు. మృదువైన దండనవల్ల దండించేవాడే చులకన అవుతాడు. యథార్హంగా దండించేవాడు గౌరవం పొందుతాడు. ప్రస్తుత చర్చకు ఈ యథార్హశబ్దమే కీలకం.

ఏది యథార్హమో నిర్ణయించడానికి మనుస్మృతి అష్టమాధ్యాయం కొన్ని కొలతలను చెప్పింది. అనుబంధం, దేశకాలాలు, అపరాధి శక్తి, అపరాధ పరిమాణం అనేవాటిని పరిశీలించిన పిమ్మటనే దండించాలి. అనుబంధమనగా అపరాధం వెనుకనున్న బుద్ధి, దాని పునరావృత్తి అని వ్యాఖ్యానసారం. ఆ అధ్యాయమే దండనకు నాలుగు మెట్లను నిర్దేశించింది. మొదటిది వాగ్దండం, అనగా మందలింపు. రెండవది ధిగ్దండం, అనగా బహిరంగ నింద. మూడవది ధనదండం. చివరిది వధదండం. క్రింది మెట్టు చాలినచోట పై మెట్టు ఎక్కరాదని దీని తాత్పర్యం.

చౌర్యప్రకరణంలోని మరొక నియమం విద్వాంసులు ప్రత్యేకంగా గమనింపదగినది. చౌర్యదోషం శూద్రునికి ఎనిమిది రెట్లయితే, వైశ్యునికి 16 రెట్లు, క్షత్రియునికి 32 రెట్లు, బ్రాహ్మణునికి 64 లేక 100 లేక 128 రెట్లని అక్కడ చెప్పబడింది. చేసే పనిలోని గుణదోషాలు తెలిసి ఉండడమే దీనికి హేతువుగా చూపబడింది. సామాన్యునికి ఒక కార్షాపణం దండనమయ్యే చోట రాజుకు వేయి దండనమని కూడ ఆ సందర్భంలోనే ఉన్నది. మనుస్మృతి వర్ణభేదాన్ని పాటించిన గ్రంథమని, ఇతర సందర్భాలలో బ్రాహ్మణునికి శరీరదండన లేదని మినహాయించినదని మరువరాదు. ఆ మినహాయింపు నేటి న్యాయబుద్ధికి అంగీకారయోగ్యం కాదు. కాని తెలివి, అధికారం పెరిగినకొద్దీ బాధ్యత పెరుగుతుందనే హేతువును వర్ణవ్యవస్థనుండి విడదీసి గ్రహించవచ్చు. పరిశోధనకు కొత్తగా వచ్చిన విద్యార్థి, ముప్పది సంవత్సరాల అనుభవం గల ఆచార్యుడు ఒకే చౌర్యం చేస్తే, ఆచార్యుని దండన అధికంగా ఉండాలి. ఆచరణలో దీనికి విరుద్ధంగా విద్యార్థికి దండన, ఆచార్యునికి క్షమ లభించే సందర్భాలే లోకవిమర్శకు గురి అవుతున్నవి.

మృదుదండన: హిమాలయ శిలాజాల ఉదంతం

మృదుదండనకు భారతదేశంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రాచార్యుడైన విశ్వజిత్ గుప్తా సుమారు పాతిక సంవత్సరాలపాటు హిమాలయ శిలాజాలపై వందలకొలది వ్యాసాలు ప్రకటించినాడు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ టాలెంట్ అనే శిలాజశాస్త్రజ్ఞుడు ఈ వ్యాసాలను పరిశీలించి, 1989లో నేచర్ పత్రికలో వాటి యథార్థతను ప్రశ్నించినాడు. హిమాలయాలలో లభించినవిగా వర్ణింపబడిన కొన్ని సూక్ష్మశిలాజాలు అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో లభించేవాటివలెనే ఉన్నవి. మరికొన్ని మొరాకో దేశంలో లభించి, శిలలు విక్రయించే దుకాణాలలో సులభంగా దొరికే రకానివి. శిలాజం లభించిన స్థలాన్ని ఇతరులు వెదకి పోల్చుకొనడానికి వీలులేనంత అస్పష్టంగా వ్యాసాలలో పేర్కొనడం కూడ విమర్శకు గురియైనది.

విశ్వవిద్యాలయం జరిపిన విచారణలో అపరాధం నిరూపితమైనది. అయినను గుప్తా ఉద్యోగంలో కొనసాగి 2002లో పదవీవిరమణ పొందినాడు. ఇక్కడ హాని ఒక వ్యక్తి కీర్తికి పరిమితం కాలేదు. ఒక పర్వతశ్రేణి భూచరిత్రను నిర్ణయించే దత్తాంశంలో ఏది సత్యమో ఏది అసత్యమో తెలియని స్థితి ఏర్పడింది. ఆయనతో కలిసి వ్యాసాలు వ్రాసిన అనేకుల శ్రమ సందేహాస్పదమైనది. అపరాధ పరిమాణం, అనుబంధం, అపరాధి పాండిత్యం అనే మూడు కొలతలు కూడ గురుదండననే సూచిస్తున్నవి. దండన మాత్రం వాటికి తగినట్లు లేదు. దండింపదగినవానిని దండింపక విడిచిన రాజుకు అపకీర్తి కలుగుతుందని స్మృతి హెచ్చరించింది. ఆ అపకీర్తి ఈ సందర్భంలో దేశీయ భూగర్భశాస్త్ర పరిశోధనపై పడినది.

తొందరపాటు దండన: మరొక హెచ్చరిక

అదే స్మృతివాక్యంలో రెండవ భాగం కూడ ఉన్నది. దండింపదగనివానిని దండించడం కూడ అంతే దోషం. దీనికి అమెరికాలో థెరీసా ఇమనిషి-కారి ఉదంతం సాక్ష్యం. ఆమె, నోబెల్ బహుమతి గ్రహీత డేవిడ్ బాల్టిమోర్ తదితరులు కలిసి 1986లో సెల్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినారు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసిన మార్గో ఓటూల్ వ్యాసంలోని దత్తాంశం సరిగా లేదని అభ్యంతరం తెలిపినది. వివాదం అమెరికా చట్టసభవరకు వెళ్ళింది. వ్యాసాన్ని సమర్థించిన బాల్టిమోర్ 1991లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం అధ్యక్షపదవికి రాజీనామా ప్రకటించవలసి వచ్చింది. ప్రభుత్వ పరిశోధనానైతికత కార్యాలయం 1994లో ఇమనిషి-కారిపై 19 అభియోగాలు నిరూపితమైనవని చెప్పి, పది సంవత్సరాలు ప్రభుత్వధనం ఇవ్వరాదని ప్రతిపాదించింది. ఆమె అప్పీలు చేయగా, సాక్షులను సంపూర్ణంగా విచారించిన అప్పీలు మండలి 1996లో ఆ అభియోగాలన్నింటిని కొట్టివేసింది.

పది సంవత్సరాల కాలం ఇందులో వ్యర్థమైనది. అభియోగానికి గురియైన స్త్రీ, అభ్యంతరం తెలిపిన స్త్రీ ఇద్దరూ నష్టపోయినారు. ఓటూల్ పరిశోధనావృత్తి భంగపడినది. ఈ ఉదంతం నేర్పే పాఠాలు రెండు. అభియోగానికి గురియైనవారికి సాక్ష్యాలను చూచి సమాధానం చెప్పుకొనే అవకాశం ప్రారంభంలోనే ఇవ్వాలి. సందేహాన్ని సద్భావంతో ప్రకటించినవారికి, ఆ సందేహం చివరకు నిలువకపోయినా, రక్షణ ఉండాలి.

కారాగారదండన ఎప్పుడు?

పరిశోధనాపరాధికి చెరసాల తగునా అనే ప్రశ్నపై అభిప్రాయభేదం ఉన్నది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో వయోవృద్ధి, ఋతువిరతి మొదలైన విషయాలపై పరిశోధించిన ఎరిక్ పోల్‌మన్, కల్పిత దత్తాంశంతో ప్రభుత్వధనం కొరకు దరఖాస్తులు పంపినట్లు అంగీకరించినాడు. అతని ప్రయోగశాలలోనే పనిచేసిన యువసహాయకుడు మొదట దీనిని గుర్తించినాడు. 2006లో పోల్‌మన్‌కు ఒక సంవత్సరము ఒక దినము చెరశిక్ష విధింపబడింది. ప్రభుత్వ పరిశోధనాధనం పొందే అర్హతను ఆయన శాశ్వతంగా కోల్పోయినాడు. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో డాంగ్-ప్యో హాన్ అనే పరిశోధకుడు ఎయిడ్స్ టీకా ఫలించినట్లు చూపడానికి కుందేళ్ళ రక్తనమూనాలలో మానవుల ప్రతిరక్షకాలను కలిపినాడు. మొదట అతనికి మూడు సంవత్సరాలు ప్రభుత్వధనం నిషేధించినారు. ఆ దండన అతిస్వల్పమని చట్టసభ సభ్యుడొకరు ప్రశ్నించిన తరువాత కేసు నమోదయి, 2015లో 57 నెలల చెరశిక్ష, 72 లక్షల డాలర్ల చెల్లింపు విధింపబడినవి.

ఈ రెండు సందర్భాలలోను న్యాయస్థానం దండించినది ప్రభుత్వాన్ని మోసగించి ధనం పొందడానికి పలికిన అసత్యాన్ని. దక్షిణకొరియాకు చెందిన హ్వాంగ్ వూ-సుక్ మానవ మూలకణాలపై 2004, 2005లలో ప్రకటించిన వ్యాసాలు కల్పితాలని తేలి, 2006లో ఉపసంహరింపబడినవి. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం ఆయనను తొలగించింది. 2009లో న్యాయస్థానం ఆయనను నిధుల దుర్వినియోగానికి, జీవనైతిక చట్టోల్లంఘనకు దోషిగా నిర్ణయించినా, శిక్ష అమలును నిలిపివేసింది. వ్యాసంలో అసత్యం వ్రాయడాన్ని దండించడం విద్యాసంస్థల పని. ధనాపహరణాన్ని, రోగుల శరీరాలకు కలిగిన హానిని దండించడం న్యాయస్థానాల పని. ఈ విభజన సమంజసమైనది. ఏ సిద్ధాంతం సత్యమో నిర్ణయించే భారం పోలీసులపై పడితే, అభిప్రాయభేదం కూడ నేరమయ్యే ప్రమాదం ఉన్నది.

అయితే హాని ఘోరమైనచోట జాప్యం కూడ అపరాధమే. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది బాలబాలికలను గురించి ప్రకటించిన వ్యాసం, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా నివారణకు ఇచ్చే టీకాపై భయం కలిగించింది. బ్రిటన్‌లో టీకా వేయించుకొనేవారు తగ్గినారు. 2008లో ఇంగ్లండు, వేల్సులలో తట్టు తిరిగి స్థిరపడిన వ్యాధిగా ప్రకటింపబడింది. వ్యాసం సంపూర్ణంగా ఉపసంహరింపబడినది 2010లో. వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల పట్టికనుండి తొలగించినది కూడ ఆ సంవత్సరమే. అసత్యం 12 సంవత్సరాలు ప్రామాణిక పత్రికలో నిలిచిన తరువాత విధించిన దండన ఎంత తీక్ష్ణమైనా, జరిగిన హానిని మరల్చలేదు.

శబ్దహరణం – అర్థహరణం

భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణకు నియమావళి ప్రకటించింది. సారూప్యం పది శాతం వరకు ఉంటే దండన లేదు. పది దాటి 40 శాతం వరకు ఉన్న సిద్ధాంతవ్యాసాన్ని ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 దాటి 60 శాతం వరకు ఉంటే సవరించిన ప్రతిని సమర్పించడానికి ఒక సంవత్సరం నిషేధం. 60 శాతం దాటితే నమోదు రద్దు. అధ్యాపకుల ప్రచురణల విషయంలో మొదటి స్థాయిలో రచనను ఉపసంహరించుకొనాలి. రెండవ స్థాయిలో దానికి తోడు ఒక వార్షిక వేతనవృద్ధి నిలుపుదల, రెండు సంవత్సరాలు కొత్త పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకత్వ నిషేధం. మూడవ స్థాయిలో రెండు వేతనవృద్ధులు, మూడు సంవత్సరాల నిషేధం. అపరాధం పునరావృత్తమైతే పై స్థాయి దండన. స్మృతులు చెప్పిన క్రమవృద్ధి, అనుబంధవిచారం ఇందులో కనిపిస్తున్నవి.

కాని ఈ నియమావళికి రెండు పరిమితులు ఉన్నవి. మొదటిది, ఇది గ్రంథచౌర్యానికే వర్తిస్తుంది. కల్పనకు, వక్రీకరణకు ఇందులో శాతాలు లేవు, దండనలు లేవు. హిమాలయ శిలాజాల వంటి వ్యాసంలో ఒక్క వాక్యం కూడ పరులది కాకపోవచ్చు. రెండవది, ఇందులోని కొలత పదసారూప్యం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణాన్ని శబ్దహరణమని, అర్థహరణమని విభజించి, శబ్దహరణాన్ని పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అని ఐదు విధాలుగా పేర్కొన్నాడు. హరించిన భాగం పరిమాణాన్ని బట్టి చేసిన ఈ విభజనకు, నేటి శాతాల విభజనకు పోలిక ఉన్నది. కాని అర్థహరణానికి ఆయన వేరు కొలతలు చెప్పినాడు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చతుర్థోద్ద్యోతంలో రచనల పోలికను ప్రతిబింబంవలె, చిత్రంవలె, ఇద్దరు మనుష్యుల దేహసాదృశ్యంవలె అని మూడు విధాలుగా వివరించి, మొదటి రెండింటిని విడువదగినవని, మూడవది గ్రాహ్యమని చెప్పినాడు. ఆ రచనకు స్వకీయమైన ఆత్మ ఉన్నదా లేదా అనేదే ఆయన పరీక్ష.

ప్రాచ్యభాషల పరిశోధనకు ఈ పరీక్ష అత్యావశ్యకం. సంస్కృతంలోనో, ఆంగ్లంలోనో, హిందీలోనో ఉన్న వ్యాసాన్ని పేరు చెప్పకుండ తెనిగించి తన సిద్ధాంతవ్యాసంలో చేర్చుకొన్నవానిని పదసారూప్యాన్ని లెక్కించే యంత్రం పట్టుకొనడం కష్టం. అక్షరాలను మార్చి, కూర్పు గుర్తులను దాచినా, కవిచోరుడు సజ్జనుల మధ్య తెలియబడతాడని బాణుడు హర్షచరిత్ర ప్రారంభంలో సూచించినాడు. అతనిని గుర్తించేది ఆ విషయం చదివిన సహృదయుడు మాత్రమే. దీనికి విపర్యయం కూడ గమనించాలి. మూలగ్రంథంలోని పద్యాలను, శాసనపాఠాలను విస్తారంగా ఉదాహరించవలసిన సాహిత్యవ్యాసంలో సారూప్యశాతం సహజంగా పెరుగుతుంది. ఆధారం చూపిన ఉదాహరణలను లెక్కనుండి తొలగించాలని నియమావళి చెప్పినది. ఆ వివేకం పాటింపక సంఖ్యనే తీర్పుగా గ్రహిస్తే నిర్దోషి దండింపబడవచ్చు. శాతం విచారణకు ఆరంభం కావాలి గాని, అంతం కారాదు.

యథార్హదండన స్వరూపం

పై ఉదంతాలన్నింటిని సమన్వయిస్తే యథార్హదండన రూపం కొంత స్పష్టమవుతుంది. ఏమరుపాటువల్ల మూలం పేర్కొనని ప్రారంభదశలోని విద్యార్థికి మందలింపు, సవరణ, శిక్షణ చాలును. తెలిసి చేసిన చౌర్యానికి కారణాలు పేర్కొంటూ చేసే బహిరంగ ఉపసంహరణ, వేతన మార్గదర్శకత్వాలలో నష్టం తగినవి. దత్తాంశాన్ని కల్పించినవానికి పరిశోధనాధనం నిషేధం, దానిపై పొందిన పదవి, పట్టం తొలగింపు తగినవి. బెల్ ప్రయోగశాలలలో దత్తాంశం కల్పించినట్లు 2002లో తేలిన భౌతికశాస్త్రజ్ఞుడు యాన్ హెండ్రిక్ షోన్ డాక్టరేటు పట్టాన్ని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం 2004లో రద్దు చేసింది. సిద్ధాంతవ్యాసంలో దోషం ఉన్నదని కాక, తరువాతి నడవడి ఆ పట్టానికి తగనిదని విశ్వవిద్యాలయం భావించింది. సుదీర్ఘమైన వ్యాజ్యానంతరం ఆ నిర్ణయం నిలిచింది. పరిశోధకునికి ఇది వధదండంతో సమానం. కనుక అత్యంత నిశ్చితమైన సాక్ష్యం ఉన్నప్పుడే దీనిని విధించాలి.

దండనతో పాటు ప్రాయశ్చిత్తాన్ని కూడ ధర్మశాస్త్రం చెప్పినది. మనుస్మృతి ఏకాదశాధ్యాయం పాపవిముక్తికి చెప్పిన ఉపాయాలలో ఖ్యాపనం, అనుతాపం ముందు పేర్కొనబడినవి. ఖ్యాపనమనగా చేసిన తప్పును స్వయంగా ప్రకటించడం. వ్యాసోపసంహరణ నిజానికి ఖ్యాపనమే. విచారణకు ముందే స్వయంగా ఉపసంహరించుకొన్నవానికి దండన తగ్గించడం న్యాయం, ప్రయోజనకరం కూడ. అసత్యం ఎంత త్వరగా తొలగితే, దానిని నమ్మి నష్టపోయేవారు అంత తగ్గుతారు.

చివరిగా సంస్థల బాధ్యత. సభలో అన్యాయమైన తీర్పు జరిగినప్పుడు అధర్మంలో నాల్గవపాలు చేసినవానికి, నాల్గవపాలు సాక్షికి, నాల్గవపాలు సభాసదులకు, నాల్గవపాలు రాజుకు చెందుతుందని స్మృతి చెప్పినది. పరిశోధనాపరాధంలో సాక్షులు సహరచయితలు, సభాసదులు పరీక్షకులు, సంపాదకులు. రాజస్థానంలో ఉన్నది విశ్వవిద్యాలయం. కీర్తిలో పాలుపంచుకొన్న సహరచయిత, చదువకుండ సంతకం చేసిన పర్యవేక్షకుడు, తెలిసియు మౌనం వహించిన సంస్థ తమ పాలును కాదనలేరు. ఒక్క అపరాధిని దండించి తక్కినవారు శుద్ధులైనట్లు భావించే పద్ధతిలో మూడుపాళ్ళ అధర్మం మిగిలే ఉంటుంది.

దండన ప్రయోజనం అపరాధిని బాధించడం కాదని, ఆప్తవాక్యంపై లోకానికి గల విశ్వాసాన్ని రక్షించడమని ఈ విచారంవల్ల విదితమవుతున్నది. విద్యార్థికి, ఆచార్యునికి ఒకే విచారణ; తెలివికి తగిన దండన; చెప్పినవానికి రక్షణ; ఒప్పుకొన్నవానికి ఉపశమనం. ఈ నాలుగింటిని పాటించే విద్యాసంస్థ ప్రకటించిన వాక్యమే ప్రమాణమనదగి ఉంటుంది.